అక్క పెద్దకర్మ రోజు సభలో మాట్లాడమంటున్నారు. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో సలహా ఇవ్వండి

రేపల్లె తమ్ముడు
బుధవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి వెళ్ళిపోయేవాణ్ణే, రాయడం ఇదే మొదలు.

మా అక్క పోయిన గురువారం తెల్లవారుజామున చనిపోయింది. 57 ఏళ్ళు. లివర్ క్యాన్సర్ అని తెలిసిన ఐదో నెల. రేపల్లె దగ్గర మా ఊళ్ళోనే 31 ఏళ్ళు అంగన్‌వాడీ టీచర్‌గా చేసింది. (ఇప్పుడు బాపట్ల జిల్లా అయింది గానీ నా నోటికి ఇంకా గుంటూరు జిల్లానే వస్తుంది.) బావ మా మేనత్త కొడుకు, కాబట్టి పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే ఊరు.

ఈ ఆదివారం పదకొండో రోజు. భోజనాలకు ముందు చిన్న సంస్మరణ సభ పెడదామని అక్కతో పనిచేసిన టీచర్లు బావని అడిగారు. బావ సరేనని ఊరుకోకుండా "ఇంటి తరఫున మా బామ్మర్ది మాట్లాడతాడు" అని చెప్పేశాడు. ఫ్లెక్సీ మీద నా పేరు కూడా పడిపోయింది.

నేను హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాసుకునేవాణ్ణి. జన్మలో మైకు పట్టలేదు. మా అబ్బాయి రిసెప్షన్‌లో రెండు మాటలు చెప్పమంటే ప్లేట్లు సర్దే వంకతో వంట షెడ్డులోకి వెళ్ళిపోయినవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటేనే టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. "మమతానురాగాలకు నిలువెత్తు రూపం, త్యాగమూర్తి" అని మొదలుపెట్టాను. చదివితే నా అక్కలా లేదు, ఎవరి అక్కలాగానూ లేదు. ఫ్లెక్సీ చదివినట్టుంది.

మా చుట్టాలేమో ఉప్పెన కథ చెప్పమంటున్నారు. 1977 నవంబర్ 19 నాటిది. అక్కకి తొమ్మిదేళ్ళు, నాకు మూడు. ఆ రాత్రి గాలికి మా ఇంటి కప్పు లేచిపోతే, నన్ను అమ్మ పాత చీరలో మూటగట్టి వీపున వేసుకుని స్కూలు డాబా మీదికి ఎక్కిందట. ఊళ్ళో అందరికీ తెలిసిన కథే. కానీ నాకు అందులో ఒక్క ముక్క కూడా గుర్తులేదు.

నాకు గుర్తున్నది వేరే. నెలనెలా పిల్లల్ని తూచే రోజు అక్క కేంద్రంలో దూలానికి స్ప్రింగు త్రాసు కట్టేది. గుండ్రటి డయల్, కింద కొక్కెం, కొక్కేనికి లాగు లాంటి గుడ్డ. ఆ లాగులో పిల్లల కాళ్ళు దూర్చి వేలాడదీస్తారు. పిల్లల్ని వేసే ముందు అక్క కిలో ఉప్పు ప్యాకెట్లు రెండు అందులో వేసి చూసేది. ముల్లు సరిగ్గా రెండు మీద నిలబడాలి. లేకపోతే మర తిప్పి సున్నా సరిచేసి మళ్ళీ వేసేది. "గవర్నమెంటు ఇచ్చిన త్రాసేగా, ఇంత అనుమానం ఎందుకక్కా" అన్నాను ఒకసారి. "ముల్లు తక్కువ చూపిస్తే బాగున్న పిల్ల కూడా చార్టులో పసుపు రంగులో పడిద్ది. ఒక నెల కంగారుపడతాం, అంతే. ఎక్కువ చూపిస్తే ఎండిపోయే పిల్ల ఆకుపచ్చలో కూర్చునిద్ది, ఎవరూ పట్టించుకోరు. రెండోదేరా డేంజర్" అంది.

సభలో ఇది చెప్తే నవ్వుతారేమో. అక్క పోతే ఉప్పు ప్యాకెట్ల గురించి చెప్తున్నాడేంటి అనుకుంటారేమో.

ఇంకోటి ఉంది. అసలు దాని కోసమే ఇదంతా రాస్తున్నాను. నాన్న 2011లో పోయాడు. తాతల నాటి ఎకరం పది సెంట్లు ఉంది. మరుసటి ఏడు అక్కని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్ళి, తన వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకున్నాను. ఆడపిల్లకి పెళ్ళిలో ఇచ్చాం కదా అన్నది మా ఇంట్లో అందరి మాట, నాదీ అదే. అక్క ఆ కాగితం చదవను కూడా చదవలేదు. "ఎక్కడ పెట్టాలిరా" అని అడిగి పెట్టేసింది. 2018లో అందులో 30 సెంట్లు అమ్మాను. అదే ఏడు మేనకోడలి పెళ్ళి. లక్ష సర్దమని అక్క అడిగింది. "నువ్వు రాసిచ్చేశావుగా" అన్నాను.

ఇంచుమించు రెండేళ్ళు మాటల్లేవు. కరోనా వచ్చాక తనే ఫోన్ చేసి "ఒరేయ్, ఆక్సీమీటర్ ఉందా ఇంట్లో?" అంది. అక్కణ్ణుంచి మళ్ళీ మామూలైపోయాం. కానీ నేను సారీ చెప్పలేదు. ఈ ఐదు నెలలు ఆస్పత్రి చుట్టూ తిరిగినప్పుడు కూడా చెప్పలేదు. ఆదివారం ఆ మైకులోనే చెప్పేద్దామని ఉంది. చెప్పొచ్చా?

ఇంకా: ఎంతసేపు మాట్లాడాలి? ఏడుపొస్తే ఏం చేయాలి? వేదిక మీద సొంత అక్కని "గారు" అనాలా, "ఆమె వచ్చేవారు, చేసేవారు" అనాలా? ఇంట్లో ఎప్పుడూ "నువ్వు" అనే అన్నాను.


మైక్‌సెట్ బాబాయ్
గురువారం, ఉదయం 6:15

తమ్ముడూ, ముందు అక్కగారికి దండం.

నాది తెనాలి. మైక్ సెట్టు, షామియానా, 28 ఏళ్ళ నుంచి ఇదే పని. ఆంప్లిఫయర్ దగ్గర కూర్చునేవాడికి మాట్లాడేవాడి వీపు, వినేవాళ్ళ మొహాలు కనపడతాయి. అందుకని ఎవరు ఎప్పుడు తలెత్తారో, ఎప్పుడు సెల్‌ఫోన్ తీశారో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఒక పెద్దాయన సభలో "తీరని లోటు" అన్న మాట లెక్కపెట్టాను. పద్నాలుగు సార్లు. పద్నాలుగోసారికి ముందు వరసలో ఒకాయన గురక పెడుతున్నాడు.

అదే ఇంకో సభలో ఒకావిడ చెల్లెలి గురించి మాట్లాడుతూ "దాని సైకిలుకి బెల్లు ఉండేది కాదు, నోటితోనే ట్రింగ్ ట్రింగ్ అనుకుంటూ పోయేది" అంది. సాంబారు బకెట్లు మోసుకెళ్ళే కుర్రాళ్ళు ఆగిపోయి విన్నారు. మీ ఉప్పు ప్యాకెట్లు ఆ బెల్లు లాంటివి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. నవ్వినవాడు విన్నట్టే.

ఇక నా పని గురించి. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. స్టాండు పెట్టించుకోండి, చేత్తో పట్టుకుంటే వణుకు వినపడిద్ది. పెడస్టల్ ఫ్యాన్ మీ వైపు తిరిగి ఉంటే పక్కకి తిప్పించండి. లేకపోతే కాగితం ఎగిరిపోద్ది, మైకులో తుఫాను వచ్చినట్టుంటది. వేలితో టకటకా కొట్టొద్దు, "హలో హలో" అనొద్దు, అది మా పని. అన్నిటికంటే ముఖ్యం, సభకి ముందే ఆపరేటర్ దగ్గరికెళ్ళి ఎకో తీసేయమని చెప్పండి. మా వాళ్ళకి ఎకో పిచ్చి. ఎకో లేకపోతే మైకు పాడైందనుకుంటారు పార్టీ వాళ్ళు, అందుకని పెట్టి పెట్టి అలవాటైపోయింది. చావు మాటలు గుహలోంచి వచ్చినట్టు వినపడితే ఏం బాగుంటది?

నాలుగు నిమిషాలు మాట్లాడండి. ఐదు దాటొద్దు. వెనకాల గారెలు వేగుతుంటయ్. ఆ వాసన మొదలయ్యాక ఎంత గొప్ప ఉపన్యాసం అయినా నిలబడదు.

ఏడుపు వచ్చిద్ది. వస్తే మొహం మైకు పక్కకి తిప్పి, నీళ్ళు తాగి, మళ్ళీ రండి. జనం కాచుకుంటారు. "క్షమించండి" అనొద్దు, అక్క పోయిన మనిషి ఏడిస్తే క్షమించడానికేముంది. పని తెలిసిన ఆపరేటరైతే ఆ టైములో వాల్యూమ్ కొంచెం దించుతాడు.


దస్తావేజు రైటర్
గురువారం, ఉదయం 10:50

సభ గురించి నాకు తెలియదు, పొలం గురించే రెండు ముక్కలు.

తాతల ఆస్తి అంటున్నారు. అక్కగారి పెళ్ళి ఎప్పుడైంది? 1985 సెప్టెంబర్ 5 తర్వాత అయితే, అప్పటి ఆంధ్రప్రదేశ్ చట్ట సవరణ ప్రకారమే ఆవిడకి మీతో సమానంగా వాటా ఉంది. 2005లో కేంద్రం దేశమంతటికీ ఆ హక్కు ఇచ్చింది. "పెళ్ళిలో ఇచ్చేశాం" అన్న మాటకి కాగితం మీద విలువ లేదు, అందుకే అక్కగారి చేత విడుదల పత్రం రాయించి ఉంటారు. నా టేబుల్ ముందు అలా సంతకాలు పెట్టిన అక్కచెల్లెళ్ళు ఎంతమందో లెక్క లేదు. చాలామంది మీ అక్కగారిలాగే "ఎక్కడ పెట్టాలి" అనే అడుగుతారు.

మీకు నేను చెప్పేది ఒకటే. మైకులో "అక్క వాటా నేను తిరిగి ఇచ్చేస్తాను" అని మాత్రం అనకండి. ఆవేశంలో అంటారు. సోమవారం మీ ఇంట్లో గొడవ మొదలవుతుంది, ఊళ్ళో ప్రతివాడూ "ఇచ్చాడా?" అని అడుగుతాడు. ఇవ్వాలనుంటే మీ పేర ఉన్నదాంట్లోంచి మేనకోడలి పేర సెటిల్‌మెంట్ రాసి రిజిస్టర్ చేయించండి. ఆ తర్వాత ఎవరికి చెప్పినా చెప్పకపోయినా ఒకటే.


రేపల్లె తమ్ముడు
గురువారం, ఉదయం 11:20

పెళ్ళి 1987లో అండి. ఇంతవరకు నేను ఆ లెక్క చూసుకోలేదు.


ఖమ్మం తెలుగు పంతులమ్మ
గురువారం, మధ్యాహ్నం 3:30

బాబూ, నేను రిటైరైన తెలుగు టీచర్ని. మూడేళ్ళ క్రితం మా చెల్లెలు పోయింది. ముప్పై ఏళ్ళు పిల్లలకి వ్యాసాలు నేర్పినదాన్ని, నాకేం భయం అనుకున్నాను. నాలుగు పేజీలు రాశాను, మధ్యలో సీసపద్యం కూడా. యతిప్రాసలు కుదిరాయి గానీ అందులో చెల్లెలు లేదు. చప్పట్లు కొట్టారు. సంస్మరణ సభలో చప్పట్లు కొడితే ఎంత సిగ్గేస్తుందో ఆ రోజే తెలిసింది.

చెప్పాల్సింది ఏమిటో ఇంటికొచ్చాక తట్టింది. మా ఇంటికి పత్రిక ముందు దాని చేతికే వచ్చేది. గళ్ళనుడికట్టు పెన్సిల్‌తో పూర్తిచేసి, అంతా రబ్బరుతో చెరిపేసి నాకిచ్చేది, నేనూ మొదటిసారి చేసినట్టు ఉంటుందని. గళ్ళల్లో దాని అక్షరాల గుర్తులు లీలగా కనపడేవి. చూడనట్టు చేసేదాన్ని. ఆ ఒక్క సంగతి చెప్పి దిగిపోయి ఉంటే సరిపోయేది.

అందుకని మీరు కళ్ళారా చూసిందే చెప్పండి. ఉప్పెన కథకి సాక్షి మీరు కాదు. అందులో మీరు మూట. అది మీ అమ్మగారిదో, ఆ రాత్రి డాబా మీద ఉన్నవాళ్ళదో. వాళ్ళలో ఎవరైనా సభకి వస్తే వాళ్ళ చేత చెప్పించండి.

"గారు" సంగతి. ఇంట్లో ఎలా అన్నారో అలాగే అనండి. రాసుకున్న కాగితంలో "ఆమె" అని ఉన్న ప్రతిచోటా కొట్టేసి "అక్క" అని దిద్దండి. "ఆమె" అంటే పేపర్లో వార్త చదివినట్టుంటుంది. "అక్క వచ్చేది, అక్క అనేది" అంటే ఎవరూ తప్పుపట్టరు. తోడబుట్టినవాడు "వచ్చేవారు" అంటేనే వినేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుంది.

పెద్ద అక్షరాలతో, కాగితానికి ఒక పక్కనే రాయండి. మీ ఇంటావిడకి పైకి చదివి వినిపించండి. నాలుక ఎక్కడ తట్టుకుంటే అక్కడి మాట మార్చండి, అది మీ మాట కాదన్నమాట. ఇంకో ప్రతి తీసి మేనకోడలి చేతికో, ధైర్యం ఉన్న ఇంకెవరి చేతికో ఇవ్వండి. గొంతు అసలే పెగలకపోతే వాళ్ళు అందుకుని చదువుతారు.

ఇక క్షమాపణ. బాబూ, అది సభలో అడిగేది కాదు. రెండు వందలమంది ముందు మీరు చేతులు జోడిస్తే మీ బావగారు, ఆ పిల్ల "సరేలే" అనక ఏం చేస్తారు? వాళ్ళని మొహమాటపెట్టినట్టవుతుంది. ఆదివారానికి ముందే వాళ్ళిద్దరి దగ్గరా కూర్చోండి. చెప్పాలనుకున్నది అక్కడ చెప్పండి. సభలో ఏం చెప్పొచ్చో, ఏం వద్దో వాళ్ళనే అడగండి.


న్యూజెర్సీ నుంచి
శుక్రవారం, ఉదయం 7:05

నేను మా చెల్లెలి కర్మకి రాలేకపోయాను. వీసా స్టాంపింగ్ సమస్య, వెళ్తే తిరిగి రావడం కుదరదేమోనని భయం. వరంగల్‌లో సభ జరుగుతుంటే ఇక్కడ తెల్లవారుజామున మూడున్నరకి వీడియో కాల్‌లో మాట్లాడాను. రెండో వాక్యానికే నెట్ కట్ అయింది. అవతల స్పీకర్లో "చెల్లె... చెల్లె... చెల్లె..." అని ఇరుక్కుపోయిందట. నాకు తెలియక ఆరు నిమిషాలు మాట్లాడుతూనే ఉన్నాను.

దూరంగా ఉన్న తోబుట్టువులు ఇది చదువుతుంటే, ముందే రికార్డు చేసి పంపండి. అన్నా, మీరు అక్కడ నిలబడి మాట్లాడే అవకాశం ఉన్నవారు. గొంతు వణికినా ఫర్వాలేదు.


రేపల్లె తమ్ముడు
శుక్రవారం, రాత్రి 10:15

అందరికీ థాంక్స్ అండి. బాబాయ్, టీచర్‌గారూ, మీరు చెప్పినట్టే రాశాను. రేపు ఊరెళ్తున్నాను, బావతో కూర్చుంటాను. ఇది చూసి చెప్పండి.

"నమస్కారం. నేను టీచరమ్మ తమ్ముణ్ణి. మీలో చాలామందికి నేను పండక్కి వచ్చిపోయేవాడిగానే తెలుసు.

ఉప్పెన కథ నేను చెప్పను. అప్పుడు నాకు మూడేళ్ళు, నాకేం గుర్తులేదు. గుర్తున్నవే చెప్తాను.

అక్క బీరువాలో కిలో ఉప్పు ప్యాకెట్లు రెండు ఉండేవి, వంటకి కాదు. పిల్లల్ని తూచే ముందు వాటిని త్రాసులో వేసి చూసేది. ముల్లు రెండు మీద నిలబడితేనే పిల్లల్ని వేసేది. ఈ షామియానా కింద కూర్చున్న కుర్రాళ్ళలో, ఆడపిల్లల్లో చాలామంది ఆ లాగులో వేలాడినవాళ్ళే. మీకంటే ముందు ఉప్పు వేలాడింది.

1995లో పల్స్ పోలియో మొదలైంది. చుక్కలు వేసే ఆదివారం వచ్చిందంటే అక్క ఇంట్లో దొరికేది కాదు. ఐస్ డబ్బా భుజాన వేసుకుని వెళ్ళేది, పిల్లల చిటికెన వేలికి గీత పెట్టేది, సాయంత్రానికి తన వేళ్ళు కూడా నల్లగా ఉండేవి. 2014 మార్చి నెలాఖర్లో ఒకరోజు ఆఫీసులో ఉండగా ఫోన్ చేసింది. 'పోయిందిరా' అంది. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. 'ఎవరక్కా?' అన్నాను. 'పోలియో' అంది. మన దేశంలో పోలియో లేదని ప్రకటించారట, టీవీలో చూసి ఫోన్ చేసింది.

2023 డిసెంబర్లో సమ్మె చేశారు, 42 రోజులు. సంక్రాంతికి నేను వస్తే అక్క ఇంట్లో లేదు, టెంటులో ఉంది. టెంటు ముందు ముగ్గు వేసి, గొబ్బెమ్మలు పెట్టి కూర్చున్నారు. నెలకి 11,500 తీసుకునే మనిషి, సమ్మెలో అదీ రాదు. నేను అరిసెలు తీసుకెళ్తే అందరికీ తుంచి పంచింది. నాకు మిగల్చలేదు. 'నువ్వు ఇంట్లో తింటావుగా' అంది.

త్రాసుని కూడా నమ్మని మనిషి మా అక్క. నన్ను మాత్రం నమ్మింది. నేను పెట్టమన్న చోట కాగితం చదవకుండా సంతకం పెట్టింది. ఆ నమ్మకానికి తగ్గట్టు నేను లేను.

అక్కా, నువ్వు ఏ లోకంలో ఉన్నా నీ ఆత్మకు శాంతి కలగాలని, మరో జన్మంటూ ఉంటే మళ్ళీ నీ తమ్ముడిగానే పుట్టాలని కోరుకుంటూ సెలవు."


మైక్‌సెట్ బాబాయ్
శుక్రవారం, రాత్రి 10:40

నాలుగు నిమిషాలకి లోపే వచ్చిద్ది, బాగుంది. "ఎవరక్కా అన్నాను" తర్వాత ఒక్క సెకను ఆగి "పోలియో" అనండి. తొందరపడితే ఆ మాట జనం అందుకోలేరు.


ఖమ్మం తెలుగు పంతులమ్మ
శనివారం, ఉదయం 5:50

ఆఖరి పేరా కొట్టేయండి. అది ఫ్లెక్సీ మీద ఎలాగూ ఉంటుంది. అంతకుముందున్న నాలుగు వాక్యాలు మీ బావగారికి, మేనకోడలికి చదివి వినిపించాకే ఉంచాలో తీయాలో నిర్ణయించండి. మిగతా దాన్ని ముట్టుకోకండి. ఇంకా మెరుగుపెట్టాలని మాత్రం కూర్చోవద్దు. నా సీసపద్యం అలాగే పుట్టింది.

ఇంకో మాట. కేంద్రంలో ఆయా ఉంటుంది కదా, అన్నేళ్ళు మీ అక్కతో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉన్న మనిషి. ఆవిడని మాట్లాడమన్నారా ఎవరైనా?


రేపల్లె తమ్ముడు
సోమవారం, రాత్రి 9:30

ఇందాకే హైదరాబాద్ వచ్చాను. అడిగినవాళ్ళందరికీ కలిపి రాస్తున్నాను.

శనివారం రాత్రి బావ, మేనకోడలు, నేను వసారాలో కూర్చున్నాం. కాగితం చదివాను. "చదవకుండా సంతకం పెట్టింది" అన్నచోట మేనకోడలు ఆపింది.

"అమ్మ చదివింది మామయ్యా."

నాకు అర్థం కాలేదు. "ముందురోజు పేర్లు సరిచూడమని నువ్వే ఇచ్చి వెళ్ళావుగా. రాత్రి నాచేత చదివించుకుంది. రెండుసార్లు. ఇది పెడితే నీకింకేం ఉండదమ్మా అన్నాను. వాడి పిల్లలు చిన్నవాళ్ళు, ఉండనీ అంది." లోపలికెళ్ళి బీరువాలోంచి జిరాక్స్ తెచ్చింది. సర్వే నంబరు కింద, "నా యావత్తు హక్కులు" అన్నచోట పెన్సిల్ గీతలున్నాయి. అక్క రిజిస్టర్లలో గీసే గీతలే, స్కేలు పెట్టి గీసినవి.

2012లో ఆఫీసులో "ఎక్కడ పెట్టాలిరా" అని అడిగినప్పుడు నేను అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి. 2018లో నేనన్న మాట గురించి చెప్పాను. బావ చాలాసేపు ఏం మాట్లాడలేదు. "ఆ మాట అది నాకు చెప్పలేదు. డబ్బు కుదరలేదన్నాడని మాత్రం చెప్పింది" అన్నాడు. ఆ రెండేళ్ళు నాకు ఉద్యోగంలో తీరిక లేదనుకున్నాడట. నేను సారీ చెప్పాను. మేనకోడలు లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది, సరే అనలేదు. అనమని నేనూ అడగలేదు. బావ "సభలో పొలం మాట ఎత్తకు. పెళ్ళి సంగతి అసలే వద్దు. మిగతాది నీ ఇష్టం" అన్నాడు.

రైటర్‌గారూ, సెటిల్‌మెంట్ గురించి బావతో అంటే "మాసికం అయ్యాక చూద్దాం" అన్నాడు. మా ఆవిడకి మాత్రం చెప్పాను. పాస్‌బుక్కులు తీసి పెట్టుకున్నాను.

సభ బాగానే జరిగింది. "పోలియో" దగ్గర ఒక సెకను ఆగాను బాబాయ్. నవ్వారు, ఆ నవ్వులోనే టీచర్లు ఏడ్చేశారు. పక్క ఊరి టీచరమ్మ ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. చివర్లో ఇలా మార్చుకున్నాను: "త్రాసుని కూడా పరీక్షించకుండా నమ్మదు మా అక్క. ఒకప్పుడు నా కోసం ఒక కాగితం మీద చదవకుండా సంతకం పెట్టిందని పదమూడేళ్ళు అనుకున్నాను. చదివే పెట్టిందని నిన్న రాత్రి తెలిసింది." ఏ కాగితమో చెప్పలేదు. తెలియాల్సినవాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు. ఆ తర్వాత ఇంకేం చెప్పలేక నమస్కారం పెట్టి దిగిపోయాను. ఏడుపు దిగాక వచ్చింది.

ఉప్పెన కథ మా అమ్మే చెప్పింది, కుర్చీలో కూర్చునే. ఇన్నేళ్ళూ నేను వినని ముక్క ఒకటి చెప్పింది. డాబా మీద అక్క తెల్లార్లూ నన్ను గిల్లుతూనే ఉందట, ఏడుపు ఆగితే నేను చచ్చిపోయాననుకుంటారని.

టీచర్‌గారూ, మీరన్నాక ఆయాని అడిగాం. నేను మాట్లాడలేను బాబూ అని స్తంభం వెనక్కి వెళ్ళింది. చివరికి మైకు తనే తీసుకుని "అందరూ నన్ను ఆయా అనే పిలుస్తారు. టీచరమ్మ ఒక్కతే పేరు పెట్టి పిలిచింది" అని ఇచ్చేసింది. అందరికంటే బాగా మాట్లాడింది తనే.

ఎకో మాత్రం తీయలేదు బాబాయ్. రెండుసార్లు చెప్పాను, "తీసేశానన్నా" అన్నాడు. "ఉప్పు ప్యాకెట్లు" అన్న మాట చెరువు గట్టు దాకా మూడేసి సార్లు వినపడిందట.